పెంపుడు పిల్లికి భీమా: సంభావ్యతాశాస్త్రము చెప్పు సమాధానము

ఇంటిలో తిరుగు పిల్లికి జబ్బు చేసినప్పుడు గాయమునకు ఇంత పసుపు అద్ది, గిన్నెలో ఇన్ని పాలు పోసి, తక్కినదంతయు దాని ఆయువునకే విడిచిపెట్టుట తప్ప గృహస్థునకు వేరొక మార్గము లేని కాలము మనకు మిక్కిలి దూరమైనది కాదు. నేడట్లు కాదు. మానవులకు జరుగు రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, అల్ట్రాసౌండు పరీక్షలు, మత్తుమందిచ్చి చేయు శస్త్రచికిత్సలు మొదలగునవెల్ల పెక్కు దేశములలో పిల్లులకును లభించుచున్నవి. వైద్యము పెరిగిన కొలది దాని వ్యయమును పెరిగినది. వ్యయము పెరిగిన కొలది ఆ భారమును పలువురిపై పంచిపెట్టు భీమాయు విస్తరించినది. అందుచేత టెక్సాసులోనో, న్యూజెర్సీలోనో స్థిరపడి పిల్లిని తెచ్చుకొన్న తెలుగు కుటుంబమునకును, హైదరాబాదులో అపార్ట్‌మెంటులో పిల్లిని పెంచుకొనుచున్న దంపతులకును నేడొక ప్రశ్న ఎదురగుచున్నది: దీనికి భీమా చేయింపవలెనా, అక్కరలేదా?

ఈ ప్రశ్న ఎదురైనప్పుడు మనలో చాలమంది, కట్టిన సొమ్ము తిరిగి వచ్చునా రాదా యని లెక్క చూడబోవుదురు. ఆ లెక్క సహజమే గాని, దానివలన సరియైన నిర్ణయము లభింపదు. భీమా లాభమునకై చేయు వ్యాపారము కాదు. మనము తట్టుకొనలేని నష్టమును తట్టుకొనగలిగిన చిన్న వ్యయముగా మార్చుకొనుటకు మానవుడు కనిపెట్టిన ఉపాయమది. కావున మన పిల్లికి వచ్చు నష్టములలో మనము తట్టుకొనలేనివి ఏవి యన్నదే మొదట విచారింపదగిన విషయము. ఆ విచారమునకు గణితశాస్త్రమును, పశువైద్యశాస్త్రమును చేయగల సాహాయ్యము సామాన్యమైనది కాదు.

జంతువులకు భీమా చేయుట కొత్త సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర స్వీడను దేశమున గుర్రములకును, పశువులకును భీమా చేయు పద్ధతి స్థిరపడి, 1924లో అచ్చటనే ఒక కుక్కకు తొలి పెంపుడు జంతువు పాలసీ వ్రాయబడినది. 1947లో బ్రిటనులోను, 1982లో అమెరికాలోను ఈ పద్ధతి ప్రవేశించెను. అమెరికాలో తొలి పాలసీ టెలివిజనులో లాసీ పాత్ర ధరించుచుండిన కుక్క పేరిట వెలువడినది. మన దేశమున కుక్కలకు భీమా కొంతకాలముగ నున్నను, పిల్లులకు ప్రత్యేకముగ ఒక పాలసీని బజాజ్ అలియాంజ్ సంస్థ 2021లో ప్రవేశపెట్టినది.

పాడిగేదెకు భీమా చేయించి చెవికి బిళ్ళ వేయించుట తెలుగు రైతునకు చిరకాలముగ తెలిసినదే యగుటచే, గేదె భీమాకును, పిల్లి భీమాకును గల భేదమును ఇచ్చట గమనించుట మేలు. గేదెకు అంగడిలో ధర యున్నది. అది చనిపోయినచో రైతునకు కలుగు నష్టము ఆ ధరతో కొలవబడును. చికిత్సకు అగు ఖర్చు ఆ ధరను మించినప్పుడు ఎంత చేయవలెనో, ఎచ్చట ఆపవలెనో నిర్ణయించుట కష్టమైనను అసాధ్యము కాదు. వీధిలోనుండి ఇంటికి వచ్చి చేరిన పిల్లికో అంగడి ధర యనునది లేనే లేదు. అది పోయినచో సొమ్ములో నష్టము సున్న. దానిని బ్రతికించుకొనవలె నన్నచో వ్యయము వేలు, ఒక్కొక్క దేశమున లక్షల రూపాయలు. కావున పిల్లి భీమా ప్రధానముగ ప్రాణము విలువకు కాక చికిత్స ఖర్చునకు చేయు భీమా. ఈ ఖర్చునకు వస్తువు ధర యను హద్దు లేదు. యజమాని మమకారమే దాని హద్దు. నిర్ణయము క్లిష్టమగుటకు మూలకారణ మిదియే.

ఇక భీమా ఎట్లు సాధ్యమగుచున్నదో చూతము. యాకోబ్ బెర్నూలీ యను స్విస్ గణితవేత్త 1705లో మరణింపగా, ఎనిమిదేండ్లకు, 1713లో, బాసెల్ నగరమున ప్రకటితమైన ‘ఆర్స్ కంజెక్టాండి’ యను ఆతని గ్రంథమున, నేడు బృహత్సంఖ్యా నియమమని పిలువబడు సిద్ధాంతము తొలిసారి నిరూపింపబడినది. ఒక్క సంఘటన ఎట్లు పరిణమించునో ఎవ్వరును చెప్పజాలకపోయినను, అట్టి సంఘటనలు వేలకొలది చేరినప్పుడు వాని సగటు ఒక స్థిరమైన విలువను సమీపించుననుట దాని సారాంశము.

దీనిని పిల్లుల విషయమున చక్కగ చూపిన పరిశోధన యొకటి స్వీడనులో జరిగినది. 2009 మొదలు 2013 వరకు అచ్చటి భీమా లెక్కలలో నమోదైన 5,04,688 పిల్లులను పరిశీలించి, వానికి మధుమేహము ఏ నిష్పత్తిలో వచ్చుచున్నదో లెక్కించిన శాస్త్రజ్ఞులు, 10,000 పిల్లులను ఒక సంవత్సరముపాటు గమనించినచో సగటున 11.6 పిల్లులకు ఈ వ్యాధి వచ్చుచున్నదని 2015లో తెలిపిరి. మగ పిల్లులలో ఈ సంఖ్య 15.4, ఆడ పిల్లులలో 7.6. బర్మీస్ జాతి పిల్లులకు ఈ ప్రమాదము హెచ్చని కూడ తేలినది. ఈ సంఖ్యలను చేతబట్టుకొని మన ఇంటి పిల్లికి మధుమేహము వచ్చునో రాదో చెప్పగలమా? చెప్పలేము. కాని భీమా సంస్థ చెప్పవలసినది అది కాదు. ఇట్టి అరుదైన సంఘటనల సంఖ్యలో సహజముగ వచ్చు హెచ్చుతగ్గు దాదాపుగ ఆ సంఖ్య వర్గమూలమంత యుండును. పదివేల పిల్లులు గల సంస్థకు ఏటికి పండ్రెండు మధుమేహములు ఎదురు చూడవలసియుండగా, హెచ్చుతగ్గు మూడో నాలుగో, అనగా నూటికి ముప్పది పాళ్ళు. పిల్లులు పది లక్షలైనప్పుడు ఎదురుచూపు 1,160. హెచ్చుతగ్గు 34, అనగా నూటికి మూడు పాళ్ళు మాత్రమే. ఒక్క పిల్లి యజమానికి గాఢాంధకారముగ నున్న భవిష్యత్తు పది లక్షల పిల్లుల లెక్క వ్రాయువానికి పట్టపగలువలె స్పష్టమగుచున్నది. ఒక పిల్లికి వచ్చిన వ్యాధి మరియొక పిల్లి వ్యాధికి కారణము కానంతవరకే ఈ గణితము చెల్లును. అంటువ్యాధి వ్యాపించినప్పుడు పిల్లులన్నియు ఒక్కుమ్మడి జబ్బుపడును గనుక, టీకాతో నివారింపదగిన అంటువ్యాధులకు, టీకా వేయింపని పక్షమున, భీమా సంస్థలు సాధారణముగ బాధ్యత వహింపవు.

ఈ విధముగ లెక్కకట్టిన సగటు నష్టమునకు సంస్థ తన ఉద్యోగుల జీతములు, ప్రకటనల వ్యయము, అనూహ్యమైన సంవత్సరమునకై దాచు నిధి, తన లాభము కలిపి ప్రీమియము నిర్ణయించును. కనుక పిల్లుల యజమానులందరిని ఒక్క రాశిగ తీసికొన్నచో, వారు కట్టినదానికంటె వారికి తిరిగి వచ్చునది తక్కువయే కావలెను. లేనిచో సంస్థ నిలువదు. ఇందులో మోసమేమియు లేదు. సగటున నష్టమని తెలిసియు బుద్ధిమంతుడు భీమా చేయుటలో వివేక మున్నదా యన్నది మాత్రము నిజమైన శాస్త్రీయ ప్రశ్న.

దీనికి సమాధానము చెప్పినవాడు యాకోబు తమ్ముని కుమారుడైన డేనియల్ బెర్నూలీ. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గు అకాడమీ ప్రచురణలలో వెలువడిన తన వ్యాసమున, ధనము పెరిగిన కొలది అదనముగ చేరు ఒక్కొక్క రూకయు మనకు చేయు మేలు తగ్గుచుండునని యాతడు ప్రతిపాదించెను. ధనికునకు పోయిన నూరు రూబుళ్ళును, పేదవానికి పోయిన నూరు రూబుళ్ళును సమానములు కావనుట లోకవిదితమే. దానిని గణితరూపమున నిలిపినవాడు డేనియల్. ఆతడిచ్చిన ఉదాహరణ మిది. పీటర్స్‌బర్గు వర్తకు డొకడు ఆమ్‌స్టర్‌డాములో సరకు కొనెను. అది క్షేమముగ చేరినచో 10,000 రూబుళ్ళు పలుకును. ఆ ఋతువున ఆ త్రోవను బయలుదేరు నూరు ఓడలలో ఐదు మునుగుచున్నవి. భీమాకు 800 రూబుళ్ళు అడుగుచున్నారు. సగటు నష్టము 500 రూబుళ్ళే యగుటచే ప్రీమియము అధికమే. అయినను ఆ వర్తకునకు ఇతరమైన ఆస్తి 5,043 రూబుళ్ళకు తక్కువగ నున్నచో భీమా చేయుటయే వివేకమనియు, అంతకు మించినచో చేయకుండుటయే మేలనియు డేనియల్ లెక్కకట్టెను. అదే ఓడ, అదే సముద్రము, అదే ప్రీమియము. కాని ఇరువురు వర్తకులకు రెండు వేరు సమాధానములు, రెండును సరియైనవే.

ఈ సూత్రమును పిల్లికి అన్వయించి చూతము. అమెరికాలో ప్రమాదములకును, రోగములకును కలిపి పిల్లికి చేయు భీమా సగటు ప్రీమియము 2023లో ఏటికి సుమారు 380 డాలర్లు. ఒక సంవత్సరమున పిల్లికి 4,000 డాలర్ల చికిత్స అవసరమగు అవకాశము నూటికి ఐదు పాళ్ళని, భీమా ఆ వ్యయమంతయు భరించునని, కేవలము ఉదాహరణకై ఊహింతము. సగటు నష్టము 200 డాలర్లు. ప్రీమియము దానికి దాదాపు రెట్టింపు. డేనియల్ సూత్రము ననుసరించి లెక్క వేసినచో, అవసరమునకు తీయదగిన సొమ్ము 4,500 డాలర్లు మాత్రమే గల కుటుంబమునకు ఇంత ప్రియమైన భీమాయు మేలే యగును. 6,000 డాలర్లు గల కుటుంబమునకు కాదు. ఐదువేలకు కొంచెము పైన ఈ రెండు స్థితులకు సరిహద్దు ఉన్నది. ఊహలు మారినచో సరిహద్దు మారును గాని సూత్రము మారదు. పిల్లికి భీమా అవసరమా యన్న ప్రశ్నకు సమాధానము పిల్లినిబట్టి మాత్రమే కాక, యజమాని చేతనున్న సొమ్మునకును, రాగల ఖర్చునకును గల నిష్పత్తినిబట్టి యుండును.

రాగల ఖర్చెట్టిదో తెలియుటకు పశువైద్యము నాశ్రయింపవలెను. పిల్లులకు వచ్చు కష్టములు రెండు తెగలు. మొదటిది అకస్మాత్తుగ వచ్చి ఒక్కమారుగ పెద్దమొత్తము అడుగునది. మగ పిల్లికి మూత్రనాళము సన్ననిది. స్ఫటికములవంటి పదార్థములు చేరి అది మూసికొనిపోయినచో, మూత్రము బయటికి పోజాలక, రక్తమున పొటాసియము పెరిగి, గుండె లయ తప్పి, కొలది దినములలోనే ప్రాణము పోవును. పిల్లి నాలుక మీది ముళ్ళవంటి మొనలు గొంతువైపునకు వంగియుండుటచే, ఆటలో నోటబట్టిన దారమును అది ఉమియలేక మ్రింగును. ఆ దారము ఒకచో చిక్కుకొన్నచో ప్రేగులు దానిపై ముడుతలుపడి తెగును. అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. ఇట్టివి బాల్యయౌవనములందును వచ్చునవి. రెండవ తెగ వార్ధక్యమున మెల్లగ ప్రవేశించి ఏండ్లకొలది నెలనెలయు వ్యయము కోరునది: మూత్రపిండముల క్షీణత, ఇన్సులిను అవసరమగు మధుమేహము, 1979లో పిల్లులయందు స్పష్టముగ వర్ణింపబడి నేడు వృద్ధమార్జాలములలో సాధారణమైన థైరాయిడు ఉద్రేకము మున్నగునవి.

వీనికి తోడు వంశపారంపర్యముగ సంక్రమించునవి గలవు. పర్షియన్ పిల్లుల మూత్రపిండములలో తిత్తులు పుట్టించు జన్యుదోషము 2004లోను, మెయిన్ కూన్ జాతిలో హృదయ కండరము దళసరియగుటకు కారణమగు జన్యుదోషము 2005లోను గుర్తింపబడినవి. ఈ జాతుల పిల్లిని పెంచువాడు పాలసీ పత్రములో వంశానుగత వ్యాధులకు రక్షణ గలదో లేదో చూడక సంతకము చేయుట, కప్పు లేని యింటికి తలుపు బిగించుకొనుటవంటిది.

విజ్ఞానాభివృద్ధియే ఈ ప్రశ్నను తీవ్రము చేయుచున్నదనుటకు మరియొక నిదర్శనము చూపవచ్చును. పిల్లులలో ఒక విధమగు కరోనా వైరసు మార్పుచెంది కలిగించు ఎఫ్.ఐ.పి. యను వ్యాధి ఇటీవలివరకు దాదాపు నిశ్చయముగ మరణహేతువు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిస్ పశువైద్య కళాశాలలో నీల్స్ పెడర్సన్ బృందము 2019లో ప్రకటించిన ప్రయోగమున, జి.ఎస్.-441524 అను ఔషధము నిచ్చిన 31 పిల్లులలో అత్యధిక సంఖ్యాకములు బ్రతికినవి. మందు లేని కాలమున యజమానికి దుఃఖ మొక్కటియే యుండెను. మందు పుట్టిన పిమ్మట దానిని కొనగలమా యన్న ప్రశ్నయు వచ్చి చేరినది. చికిత్స సాధ్యమై యుండియు కేవలము ధనాభావముచే ప్రాణిని విడిచిపెట్టవలసివచ్చుట, పశువైద్యులును యజమానులును అనుభవించు వేదనలలో మిక్కిలి కఠినమైనది. భీమాకు సార్థకత యేదైన నున్నచో అది ఈ వేదనను తప్పించుటయందే యున్నది.

అయితే భీమా పత్రమున వ్రాసియున్న నియమములు కొన్ని ఈ రక్షణను మిక్కిలి కుదించునట్టివి. వాని వెనుక నున్న కారణము తెలిసినచో నియమములు సులభముగ బోధపడును. అమ్మువానికిని, కొనువానికిని సమాచారము సమానముగ లేనిచోట విపణి యెట్లు చెడునో జార్జ్ అకెర్లాఫ్ 1970లో విశదీకరించెను; 2001లో నోబెల్ బహుమానము పంచుకొన్న మువ్వురిలో ఆతడొకడు. జబ్బు పిల్లులు గలవారే ఎక్కువగ భీమా కొన్నచో ప్రీమియము పెరుగును. పెరిగిన కొలది ఆరోగ్యవంతములైన పిల్లులు గలవారు తొలగిపోవుదురు. తుదకు జబ్బు పిల్లులే మిగిలి నిధి తరిగిపోవును. ఈ ఆపద నివారించుటకే, పాలసీకి పూర్వమే యున్న వ్యాధులకు సొమ్మీయరు. పాలసీ తీసికొన్న తొలిదినములలో వచ్చిన వ్యాధిని లెక్కలోనికి రానీయని నిరీక్షణ గడువు పెట్టుదురు. ఉచితమని యనవసరమైన చికిత్సలు కోరకుండుటకై, డిడక్టిబుల్ పేరిట మొదటి కొంత మొత్తమును, ఆపై నూటికి పదియో ఇరువదియో పాళ్ళను యజమాని మీదనే ఉంచుదురు.

కనుక పాలసీ తీసికొనువారు పరిశీలింపవలసినవి ఇవి. ఏటికి చెల్లించు గరిష్ఠమొత్త మెంత. ఒక వ్యాధికి మరుసటి సంవత్సరముకూడ సొమ్ము వచ్చునా, లేక మొదటి సంవత్సరముతో నిలిచిపోవునా. పిల్లి వయస్సు పెరిగిన కొలది ప్రీమియ మెట్లు పెరుగును. ఏ వయస్సు దాటిన పిమ్మట కొత్తగ చేర్చుకొనరు. వంశానుగత వ్యాధుల మాట యేమి. రెండవ ప్రశ్న ముఖ్యమైనది: ఒక్క సంవత్సరముతో ముగియు పాలసీ, మూత్రపిండముల క్షీణతవంటి దీర్ఘవ్యాధి వచ్చినచో రెండవయేడు దానిని పూర్వవ్యాధిగ గణించి చేతులెత్తివేయును. ఇంకొక సంగతియు మరువరాదు. పెక్కు పాలసీలలో యజమాని ముందు ఆసుపత్రికి చెల్లించి, పిమ్మట క్లెయిము పంపి సొమ్ము తిరిగి పొందవలెను. కావున భీమా యున్నవానికిని కొంత రొక్కమో, అప్పు పుట్టు మార్గమో అవసరమే.

భీమా వలదనువారికి గల ప్రత్యామ్నాయము, ప్రీమియమంత సొమ్మును నెలనెలయు వేరుగ దాచుట. పిల్లి ఆరోగ్యముగ నున్నచో ఆ సొమ్మంతయు తమదే. నియమములు లేవు, తిరస్కారము లేదు. ఏటికి 380 డాలర్ల చొప్పున పదేండ్లకు 3,800 డాలర్లు చేరును. దీని బలహీనత యొక్కటే: మూత్రనాళము రెండవయేటనే మూసికొన్నచో ఆ నిధిలో నుండునది కొన్ని వందలు మాత్రమే. వార్ధక్యమున వచ్చు వ్యాధులకు పొదుపు కొంత సరిపడవచ్చును. యౌవనమున వచ్చు ఆకస్మిక విపత్తునకు సరిపడదు. ఈ రెండు మార్గములను కలుపుటయు సాధ్యమే. డిడక్టిబుల్ హెచ్చుగను, గరిష్ఠపరిమితి పెద్దదిగను గల పాలసీకి ప్రీమియము తగ్గును. చిన్న ఖర్చులను పొదుపునుండి భరించి, పెద్ద ఖర్చునకు మాత్రమే భీమాను ఉంచుకొనుట గణితము సమ్మతించు పద్ధతి. దీనికి విరుద్ధముగ, టీకాలకును గోళ్ళు కత్తిరించుటకును సొమ్మిచ్చుచు పెద్ద శస్త్రచికిత్సకు స్వల్పపరిమితి పెట్టు పాలసీ, తప్పక వచ్చునని తెలిసిన చిన్న ఖర్చును సంస్థ ద్వారా త్రిప్పి అధికమూల్యమునకు కొనుటయే యగును.

తెలుగునాట నున్నవారు ఇంకొకటి ఆలోచింపవలెను. పాలసీ వాగ్దానము చేసిన చికిత్స తమ యూరిలో లభించుచున్నదా? లభింపని చికిత్సకు భీమా నిరుపయోగము. హైదరాబాదు రాజేంద్రనగరమున పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమును, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును గలవు. ఇట్టి విద్యాసంస్థల వైద్యశాలలు అందుబాటులో నున్నవారికి పెద్ద వ్యయభయము కొంత తగ్గును. భీమాకంటె ముందు చేయవలసినవి టీకాలు వేయించుట, గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించుట, డాబాలకును కిటికీలకును జాలీ బిగించుట, దారములును సూదులును పిల్లికి అందకుండ దాచుట. నష్టసంభావ్యతనే తగ్గించు ఈ పనులకు సాటివచ్చు పాలసీ ఏ దేశమునను లేదు.

కావున నిర్ణయమునకు రావలసినవారు తమ్ము తాము సత్యముగ ప్రశ్నించుకొనవలెను. రేపు ఒక పెద్ద వైద్యవ్యయము వచ్చినచో ఇంటి అవసరములకు లోటు రాకుండ ఇయ్యగలమా? ఈయగలిగినవారికి భీమా అవసరము లేదు. వారి పొదుపే వారికి భీమా. ఈయలేకయు, పిల్లిని చికిత్స లేక విడువజాలనివారు, అది చిన్నదై ఆరోగ్యముగ నున్నప్పుడే, పూర్వవ్యాధి యన్న మాట పుట్టకమునుపే, పెద్ద పరిమితి గల పాలసీ తీసికొనుట వివేకము. ఇంతవరకే ఖర్చు పెట్టగలము, అటుపై బాధ లేని మరణమునకు సమ్మతింతుమని నిశ్చయించుకొన్నవారు ఆ పరిమితిని ఇంటివారందరితో ముందుగనే ఒప్పందము చేసికొని, అంతమొత్తము దాచుకొనుట చాలును. అందు నిర్దయ యేమియు లేదు. ఈ మూడింటిలో ఏది యైనను పిల్లి జబ్బుపడకముందే, మనస్సు నిర్మలముగ నున్నప్పుడు చేయబడిన నిర్ణయమగుట ముఖ్యము. ఏలయన వైద్యుని యెదుట, కన్నీటి నడుమ, గడియలలో చేయవలసివచ్చిన నిర్ణయము పిల్లికిని మేలుచేయదు, యజమాని మనస్సునకును శాంతినీయదు. నోరులేని ప్రాణిని ఇంటికి తెచ్చుకొన్న దినముననే దాని రోగకాలమును గురించి ఆలోచించుట మన బాధ్యత. ఆ బాధ్యతను ఏ మార్గమున నెరవేర్చుకొన్నచో మన శక్తికి తగియుండునో గణితము తేల్చి చెప్పును.